గోడ జీవరత్నం గారి దగ్గరుంది

రాజమండ్రిలో ఒకే కంపెనీలో ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్లు చూసుకున్నాను. భవనాలకు ప్లాన్లు గీసిచ్చే కంపెనీ అది. కల్యాణ మండపాలు, కాలేజీలు, రైస్ మిల్లులు, ఏవి వస్తే అవి గీసేవాళ్ళు. నేను గీసేవాణ్ణి కాదు. గీసేవాళ్ళ మెషీన్లు ఆగకుండా చూడటం నా పని. అవి ఆగితే అందరికీ నేను గుర్తొస్తాను. నడుస్తున్నంతకాలం నన్నెవరూ తలుచుకోరు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఈ సంగతి ముందే మనసుకు నచ్చచెప్పుకోవాలి. మెప్పు కావాలనుకునేవాళ్ళు వేరే పని చూసుకోవడం మంచిది.

నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. అది మా ఆవిడకే గుర్తులేదు. రిటైరవడానికి మూడేళ్ళ ముందు చేసిన ఒకే ఒక్క పని గురించి చెబుతాను. అందులో నేను చేసిన తప్పులు కూడా చెబుతాను. అవి దాచుకుంటే ఇది రాయడం దండగ.

ఏం పని వచ్చిపడింది

ఒక రోజు మా ఎం.డి. ప్రసాద్ గారు నన్నూ, డ్రాయింగ్ సెక్షన్ హెడ్ జీవరత్నం గారినీ తన గదిలోకి పిలిచారు. జీవరత్నం గారు కొవ్వూరు మనిషి. అప్పటికి ముప్పై ఏళ్ళుగా ఆ సెక్షన్ ఆయన చేతిలోనే ఉంది. మొదట డ్రాయింగ్ బోర్డు మీద, తరవాత కంప్యూటర్ మీద, కంపెనీ నుంచి బయటికెళ్ళిన ప్రతి కాగితాన్నీ ఆయన చూశాకే పంపేవాళ్ళు. నేను చేరిన కొత్తలో ప్లాన్ ఏదో, భవనాన్ని నిలువునా కోసి చూపే సెక్షన్ బొమ్మ ఏదో తెలియకపోతే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది కూడా ఆయనే.

"పెద్ద ఆసుపత్రి పని వస్తోందండి. కాని వాళ్ళకి గీతలు అక్కర్లేదంట. మోడల్ కావాలంట," అన్నారు ప్రసాద్ గారు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. పాత పద్ధతిలో గోడంటే రెండు గీతలు. ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌లో గోడ గోడగానే ఉంటుంది. దాని ఎత్తు, మందం, దేనితో కట్టారో అన్నీ దానికి తెలుసు. ఒకచోట తలుపు జరిపితే అన్ని షీట్లలోనూ జరుగుతుంది, తలుపుల లెక్క కూడా దానంతటదే మారుతుంది. అసలు సంగతి ఇంకోటి ఉంది. స్తంభాలు వేసేవాళ్ళూ, గోడలు కట్టేవాళ్ళూ, నీటి గొట్టాలు తిప్పేవాళ్ళూ అందరూ ఒకే సమయంలో ఒకే భవనం మీద పని చెయ్యాలి. ఎవరి ఫైలు వాళ్ళ దగ్గర పెట్టుకోవడం ఉండదు.

"పది వారాల్లో వాళ్ళ తరఫు ఇంజనీరు వచ్చి చూస్తారు. మనవాళ్ళంతా ఒకేసారి ఒకే మోడల్ మీద పని చేసి చూపించాలి. ఆ రోజుకి నిలబడకపోతే విశాఖపట్నంలో ఒక కంపెనీకి మొత్తం ఇచ్చేద్దామనుకుంటున్నాను. డ్రాయింగ్ సెక్షన్ సంగతి తరవాత చూద్దాం."

సంగతి తరవాత చూద్దాం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. సెక్షన్లో జీవరత్నం గారితో కలిపి తొమ్మిది మంది. ఎనిమిది మందినీ ఇంటర్వ్యూ చేసి తీసుకున్నది ఆయనే. అందులో భార్యాభర్తలు ఒక జంట. నలభై దాటినవాళ్ళు ముగ్గురు. రాజమండ్రిలో ఇలాంటి ఉద్యోగం ఇంకోటి దొరికే వయసు కాదు వాళ్ళది. జీవరత్నం గారు బయటికొచ్చాక వరండాలో కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మెషీన్ల సంగతి మీరు చూడండి సూర్యం గారూ, మనుషుల సంగతి నేను చూసుకుంటాను," అన్నారు. అలాగేనండి అన్నాను. ఆ పంపకమే తప్పని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఇరవై కోర్ల మోజు

మొదటి తప్పు పూర్తిగా నాది. మెషీన్లు అమ్మే కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చి, "ఈ ప్రాసెసర్‌కి ఇరవై కోర్లు సార్," అన్నాడు. కోర్లంటే పని చేసే చేతులనుకోండి. ఇరవై అనేసరికి నాకు నోరూరింది. తొమ్మిదికి తొమ్మిదీ అవే తెప్పించాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పని చేస్తుందో నాలుగు పేజీలు చదవాల్సింది, చదవలేదు. మోడల్ గీసేటప్పుడు అది చాలావరకు ఒక్క చేత్తోనే పని చేస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇరవై చేతులేం చేసుకుంటాం? ఆ ఒక్క చెయ్యి ఎంత చురుగ్గా కదులుతుందన్నదే లెక్క. నేను కొన్నవాటిలో చేతులు ఎక్కువ, చురుకు తక్కువ. సర్వర్‌కైతే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు వేయించాను. అక్కడ బొమ్మ చూసేవాడే లేడు. దానికి కావలసింది వేగంగా చదివి రాసే డిస్కులు, దిట్టమైన నెట్‌వర్క్. ఆ రెండింటిలోనూ చెయ్యి బిగించాను.

ప్రసాద్ గారు మంచి మనిషి. కాని ఓపిక తక్కువ, భక్తి ఎక్కువ. కొత్త సర్వర్ వచ్చిన వారంలోనే అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చారు. ప్రసాదం ఆకు దొన్నెతో సహా తెచ్చి సర్వర్ మీదే పెట్టి దండం పెట్టుకున్నారు. ఎం.డి. గారు పెట్టిన ప్రసాదాన్ని తీసేదెవరు? ఎవరికి వాళ్ళం ఇంకొకళ్ళు తీస్తారులే అనుకున్నాం. మూడో రోజుకి సర్వర్ వెనకాల ఫ్యాను జాలీలోంచి చీమల బారు లోపలికి పోతోంది. నెయ్యి, బెల్లం ఉంటే అవి మాత్రం ఏం చేస్తాయి? పవర్ సప్లై విప్పి బ్రష్షుతో దులుపుకున్నాను. తరవాత ప్రసాద్ గారే వచ్చి, "నాకు చెప్పొచ్చు కదండి," అని నొచ్చుకున్నారు. చెప్పాల్సిందే. ఆ మాటను నేను అప్పుడే పట్టుకుని ఉంటే తరవాతి నెలంతా ఆదా అయ్యేది.

మెషీన్లు తప్పుగా కొన్నానని తెలిసిన రోజున ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కొనుగోలు కాగితాలు తిరగేసి, "సంతకం పెట్టింది నేనే కదండి," అన్నారు. ఆ మాట అన్న అధికారిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. అమ్మినవాళ్ళతో వారం రోజులు గొడవపడి ఆరు మెషీన్లు మార్పించాను. మిగిలిన మూడింటిని రంగుల చిత్రాలు తయారుచేసే పనికి మళ్ళించి, పాతవాటిలో మంచివి మూడు ఏరి, మెమరీ పెంచి, కొత్త డిస్కులు వేశాను.

అటక మీద తీగలు

మెషీన్లు మారినా మోడల్ నత్తలాగే నడిచింది. తెరవడానికే అరగంట పట్టేది. ఇక నెట్‌వర్క్ మీద పడ్డాను. ఎలక్ట్రీషియన్‌కి చెప్పి చేయించిన పని అని ఇన్నేళ్ళూ నేనెప్పుడూ పైకెక్కి చూడలేదు. నిచ్చెన వేసుకుని ఫాల్స్ సీలింగ్ పలకలు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తే నాకే సిగ్గేసింది. నెట్‌వర్క్ కేబుళ్ళూ కరెంటు తీగలూ ఒకే కట్టగా కట్టేసి ఉన్నాయి. రెండుచోట్ల ఎలకలు కొరికాయి. ఒకచోట తెగిన కేబుల్‌ని మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. మన ఉక్కకి ప్లగ్గుల కొసలు పచ్చబారిపోయాయి. అకౌంట్స్ వాళ్ళ బల్ల కింద, పాత ఫైళ్ళ వెనకాల, ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియని పాత స్విచ్ ఒకటి, అంటే కేబుళ్ళని కలిపే డబ్బా, దొరికింది. డ్రాయింగ్ సెక్షన్లో సగం మంది డేటా అంతా దాని గుండానే పోతోంది. పది రోజులు పట్టింది. అన్నీ పీకించి కొత్త కేబుళ్ళు వేయించి, ప్రతి కొసనీ నేనే పరీక్షించి నంబరు రాశాను.

ఇంకొకటి కూడా అప్పుడే బయటపడింది. పాత షీటొకటి కావాలని సెక్షన్లో ఎవరో అడిగితే బ్యాకప్ తీద్దామని చూశాను. ఏముంది, ఖాళీ. ఎప్పటి నుంచి? మొదటి రోజు నుంచీ. ప్రసాద్ గారి నాన్నగారు కంపెనీ పెట్టినప్పుడు ఒక నియమం పెట్టారు. ఆఖరున వెళ్ళేవాళ్ళు మెయిన్ ఆపేసి వెళ్ళాలి. షార్ట్ సర్క్యూట్ అంటే ఆయనకి భయం. ఆయన పోయి పదేళ్ళయినా నియమం పోలేదు. నేను బ్యాకప్ పెట్టిన అర్ధరాత్రి టైముకి యూపీఎస్ కూడా చల్లబడిపోయేది. కొత్తవాళ్ళకి ఒక మాట చెబుతాను. బ్యాకప్ ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక ఫైలు తీసి తెరిచి చూస్తేనే ఉన్నట్టు. సర్వర్ గదికి వేరే లైను వేయించాను. పెద్దాయన నియమాన్ని మిగతా ఆఫీసుకి ఉంచేశాను.

ఇంత చేశాక మోడల్ తెరిచాం. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఇద్దరి మెషీన్లు బిగుసుకుపోయాయి. అప్పటికి చేతిలో మూడు వారాలు కూడా లేవు. విశాఖ కంపెనీ మనిషి వచ్చి ప్రసాద్ గారి గదిలో కాఫీ తాగి వెళ్ళాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇది నిలబడాల్సిందే, నిలబెట్టాకే నేను ఇంటికి పోతాను అని మొండిపట్టు పట్టాను.

అర్థమైందా? ఆయ్

మర్నాడు సర్వర్ గదిలోకి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని సుహాసిని పక్కన కూర్చున్నాను. స్తంభాలూ దూలాలూ వేసే ఇంజనీరు ఆమె. ముప్పై ఏళ్ళుంటాయి. పనిలో దిట్ట, నోట్లో మాత్రం నాలుక లేని మనిషి. "నేనేం అడగనమ్మా, నువ్వు రోజూ చేసే పని చెయ్యి," అన్నాను.

ఆమె ఒక గోడ మీది దూలం పట్టుకుని జరపబోయింది. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ఈ గోడ జీవరత్నం గారి దగ్గరుంది, ఆయన్ని అడగమంటారా అని దాని సారాంశం. సుహాసిని కాన్సిల్ కొట్టింది. ఇంకో దూలం. మళ్ళీ అదే పెట్టె. మళ్ళీ కాన్సిల్. అప్పుడు మోడల్ మూసేసి, డెస్క్‌టాప్ మీద సుహాసిని అని పేరున్న ఇంకో ఫైలు తెరిచి అందులో చకచకా పని మొదలుపెట్టింది.

"ఇదేంటమ్మా?"

"నా కాపీ అండి. సాయంత్రం సార్‌కి ఇచ్చేస్తాను. సార్ అందులో అతికించుకుంటారు."

"అడగమనే కదా ఆ బటన్ ఉంది. నొక్కొచ్చు కదా?"

నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. "సార్‌నాండి? ఆయన చూసుకుంటుంటే మధ్యలో ఇమ్మని అడుగుతామా అండి?"

మిగతా ఏడుగురి దగ్గరా కూర్చున్నాను. ఏడుగురికీ ఏడు కాపీలు. అప్పుడు మొత్తం బోధపడింది. పాత రోజుల్లో జీవరత్నం గారు అందరి డ్రాయింగులూ తన బల్ల మీదికి తెప్పించుకుని, ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి ఇచ్చేవారు. అదే అలవాటుతో ఇప్పుడు పొద్దున్నే వచ్చి మోడల్లో అన్ని భాగాలనీ తన పేరున పెట్టుకుంటున్నారు. ఆయన దగ్గరున్నంతసేపూ ఇంకెవరూ దేన్నీ కదపలేరు. కదపడానికి ఆయన్ని అడగాలి. ఆయన్ని అడగడం ఈ ఎనిమిది మందికీ పెద్దాయన చేతిలోంచి కాగితం లాక్కోవడంతో సమానం. అందుకని చాటుగా ఎవరి కాపీలో వాళ్ళు పని చేసుకుని సాయంత్రం తెచ్చి ఇస్తున్నారు. ఆయన ఓపిగ్గా ఒకదాని మీద ఒకటి అతికిస్తున్నారు. గోడ మీద గోడ, తలుపు మీద తలుపు. తలుపుల జాబితా తీయించి చూస్తే, ఒక ఆపరేషన్ థియేటర్‌కి పధ్నాలుగు తలుపులున్నాయి. మోడల్ నత్తలా నడవడానికి కారణం అదీ. నేను నెలన్నరగా మెషీన్లు మారుస్తూ, అటకలెక్కి తీగలు పీకుతూ ఉన్నాను.

మరి శిక్షణ ఇవ్వలేదా అంటే, ఇచ్చాం. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి వారం రోజులు చెప్పాడు. ప్రతి పాఠం చివరా "అర్థమైందా?" అని అడిగాడు. తొమ్మిది మందీ "ఆయ్" అన్నారు. పాఠం చెప్పినవాడికి అర్థం కాలేదని చెబితే బాగుండదని మనవాళ్ళ మర్యాద. నేనూ వెనకాల కూర్చుని ఆ ఆయ్‌లు విని సంతోషించాను. అర్థమైందా అన్నది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఏదీ, చేసి చూపించండి అనాలి.

కొవ్వూరులో ఆదివారం

ఈ మాట జీవరత్నం గారికి ఎవరు చెప్పాలి? ప్రసాద్ గారితో చెప్పించొచ్చు. అలా చేస్తే ఆయన సాయంత్రానికి రాజీనామా రాసి పెట్టేవారు. మనుషుల సంగతి ఆయనదీ మెషీన్ల సంగతి నాదీ అనుకున్న పంపకం గుర్తొచ్చి నా మీద నాకే చిరాకేసింది. రెండు రోజులు వాయిదా వేశాను. నాకూ భయమే. ఎనిమిది మందికి లేని ధైర్యం నాకెక్కడిది? ఆదివారం స్కూటరేసుకుని గోదావరి వంతెన దాటి కొవ్వూరులో ఆయనింటికి వెళ్ళాను.

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. ఇస్త్రీ చొక్కా ఇంకా మార్చలేదు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి, "భోంచేసి వెళ్ళాలండి," అని లోపలికి వెళ్ళారు.

"ఏంటండి విశేషం? సర్వర్ బాగయిందా?" అన్నారు జీవరత్నం గారు.

"సర్వర్ బాగుందండి. నెట్‌వర్క్ బాగుంది. మెషీన్లు కూడా బాగున్నాయి."

"మరి ఆలస్యం ఎక్కడండి?"

"మీ దగ్గరండి."

గ్లాసు కింద పెట్టారు. నేను ఆగకుండా అంతా చెప్పేశాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. సుహాసిని తెర మీద పెట్టె, కాన్సిల్, ఎనిమిది కాపీలు, పధ్నాలుగు తలుపులు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఆ పిల్ల ఫిర్యాదు చేసిందా?"

"లేదండి. చేసి ఉంటే మనకి నెల రోజులు కలిసొచ్చేది."

"ముప్పై ఏళ్ళండి. నా చెయ్యి పడకుండా ఒక్క కాగితం బయటికెళ్ళలేదు. ఇవాళ నా చెయ్యే అడ్డమంటున్నారు మీరు."

"చెయ్యి అడ్డం కాదండి. పొద్దున్నే అన్నీ మీ పేరున పెట్టేసుకోవడం అడ్డం."

"కావాలంటే అడగొచ్చు కదా! నేనేమన్నా కొరుకుతానా?"

"వాళ్ళు అడిగేలా మనం ఎప్పుడైనా ఉన్నామా అండి? నేనే రెండు రోజులు ఆగి వచ్చాను మీ దగ్గరికి."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత మెల్లగా, "నేను తప్పుకుంటే సరిపోతుందంటే రేపే కాగితం ఇచ్చేస్తానండి. వాళ్ళ ఉద్యోగాలుంటే చాలు," అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, కోపం కూడా వచ్చింది.

"ఈ ఆసుపత్రి ప్లాన్లో మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదని పట్టుకున్నదెవరండి? మీరు పోతే ఆ తప్పులు పట్టేదెవరు? చూడటం మీ పనే. పట్టుకుని కూర్చోవడం మానండి, అంతే."

భోజనాలయ్యాయి. గేటు దాకా వచ్చి, "రేపు చూద్దాంలెండి," అన్నారు. ఆ మాటకి అర్థం అవుననో కాదనో తెలియక వంతెన మీద వస్తున్నంతసేపూ నేను సతమతమయ్యాను.

తొమ్మిది రోజులు

సోమవారం ఆయన అందరికంటే ముందొచ్చారు. నేను వెళ్ళేసరికి సెక్షన్ అంతా ఆయన చుట్టూ నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళూ మీ పని నేను ఆపానంట. సూర్యం గారు చెప్పేరు. నాకు తెలీదు, మీరెవరూ చెప్పలేదు. సరే అయిపోయింది. ఇవాళ్టి నుంచి నా దగ్గర ఏదన్నా ఉంటే అడగాలి. అడగనివాళ్ళ మీదే నాకు కోపం వస్తుంది," అన్నారు. తరవాత సుహాసిని వైపు తిరిగి, "నువ్వు మొదలుపెట్టమ్మా, ఏదీ, అడుగు," అని తన సీట్లో కూర్చున్నారు.

ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టి నొక్కలేకపోయింది. అందరూ చూస్తున్నారు. చివరికి కళ్ళు మూసుకుని నొక్కింది. ఆయన తెర మీద పెట్టె వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని చదివి ఇచ్చేశారు. "అంతేనా?" అన్నారు. "అంతేనండి," అంది ఆమె. ఇద్దరికీ చెమటలు పట్టాయి.

పాత మోడల్‌ని దిద్దే ప్రయత్నం చెయ్యలేదు. పక్కన పడేసి మొదటి నుంచి కట్టాం. జీవరత్నం గారు దిద్దిన షీట్లు చేతిలో ఉన్నాయి కనుక కట్టడం తేలికే. ఎవరి భాగం వాళ్ళకి విడగొట్టాం. జీవరత్నం గారు మెట్ల భాగం తీసుకుని, మిగతాదంతా ముట్టుకోకుండా చూస్తూ, తప్పులు తెల్లకాగితం మీద రాసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేవారు. గంటకోసారి అందరూ తమ పని అసలు మోడల్‌కి పంపి, పట్టుకున్నవి వదిలెయ్యాలి. గంట కొట్టే పని నాదే. కాపీలు చేసుకునే దారి మూసేశాను. మొదటి రెండు రోజులూ ఆయన అలవాటు కొద్దీ అన్నీ పట్టేసుకుని, నాలిక కరుచుకుని వదిలేశారు. తొమ్మిది రోజులు ఆదివారం కూడా లేకుండా చేశాం. ఆ ఆదివారం ఆయన ఉదయం ఆరాధన ముగించుకుని బస్సెక్కి వచ్చారు. మోడల్ తెరవడానికి రెండు నిమిషాలు పట్టేది.

ఆ రోజు

ఆసుపత్రి తరఫున వచ్చిన ఇంజనీరు ఒకావిడ. మాటలు తక్కువ. కాఫీ కూడా వద్దన్నారు. తొమ్మిది మందినీ మోడల్ తెరవమని, గది మధ్యలో నిలబడి పనులు చెప్పడం మొదలుపెట్టారు. రెండో అంతస్తులో తలుపు మార్చండి. కింద గొట్టం పైకి జరపండి. లిఫ్టు పక్క స్తంభం ఆరంగుళాలు తూర్పుకి తియ్యండి. అన్నీ ఒకేసారి. నేను సర్వర్ గది గుమ్మంలో నిలబడ్డాను.

లిఫ్టు పక్క స్తంభం సుహాసినిది. దాన్ని ఆనుకున్న గోడ మెట్లది, అంటే జీవరత్నం గారిది. ఆమె బటన్ నొక్కింది. ఆయన సీట్లో లేరు. ప్రసాద్ గారు ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచి ఏదో అడుగుతున్నారు. పెట్టె ఖాళీ సీటు ముందు తెర మీద వెలుగుతోంది. ఇంజనీరు గారు గడియారం చూసుకున్నారు. మిగతా ఏడుగురూ పని చేస్తున్నారు, ఒక్క స్తంభం కదలడం లేదు. నేను వెళ్ళి చెబుదామని అడుగు వేశాను. ఈలోపు సుహాసిని లేచి నిలబడింది.

"సార్, గోడ ఇవ్వండి!"

ఎం.డి. గారు మాట్లాడుతుండగా, గదంతా వినేలా. అప్పటిదాకా ఆమె గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. జీవరత్నం గారు ప్రసాద్ గారి మాట మధ్యలోనే వదిలేసి, కుర్చీల మధ్య నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి, నిలబడే మౌస్ నొక్కారు. స్తంభం జరిగింది. తొమ్మిది తెరల మీదా జరిగింది.

ఇంజనీరు గారు ఆయన దగ్గరికి వచ్చారు. "మీరు ఈ పద్ధతి నేర్చుకుని ఎన్నాళ్ళయిందండి?"

"తొమ్మిది రోజులండి."

"అంతకు ముందు?"

"అంతకు ముందు నేను గోడలు ఇచ్చేవాణ్ణి కాదండి," అన్నారు.

ఆవిడ మొదటిసారి నవ్వారు. బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద రెండు వాక్యాలు రాసి ప్రసాద్ గారికి ఇచ్చారు. ఆయన చదివి జీవరత్నం గారి చేతిలో పెట్టారు. సెక్షన్ అంతా లేచి నిలబడింది. జీవరత్నం గారు పైకి చదవబోయి ఆగారు. "నువ్వు చదువమ్మా," అని కాగితం సుహాసినికి ఇచ్చారు.

"ఈ సెక్షన్ ఈ పని చేయగలదు. వీళ్ళతోనే చేయించండి," అని ఆమె చదివింది.

వెనకాల నుంచి ఎవరో మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది.